వానపాట ఎవరిది?

కోరుట్ల నుంచి వచ్చి సిరిసిల్లలో బస్సు దిగి, ఆమె నేరుగా అతని ఇంటికి వెళ్లింది. ఇరవై ఏళ్లు ఆమె పాటలు రాసింది, అతను బాణీలు కట్టాడు. పాటకు పేరు తెచ్చింది మాటలా, బాణీయా అని ఇద్దరూ పంతానికి పోయి, రెండేళ్లుగా పలకరించుకోలేదు.

"అక్కా! నువ్వేనా?"

"ముందు నా మాట ఇను తమ్మీ. బస్సుల పెండ్లికి పోయెటోళ్లు ఎక్కిండ్రు. మన వానపాట పాడుకుంట ఒకటే చప్పట్లు! కండక్టర్ సుత పాడిండు."

"మన పాటనా! మరి ట్యూన్ బాగున్నదన్నరా, మాటలా?"

"నేనూ గదే అడిగిన. ఒక పోరి మాటలు చెప్పవోయింది. రాగం తీయకుంట ఒక్కటి యాదికి రాలే. సరే, ఉత్త రాగమే తియ్యమన్న. నోరు తెరిస్తే మాటలే అచ్చినయి."

అతను పకపకా నవ్వాడు. "మరి రాసింది నువ్వేనని చెప్పినవా?"

"చేసింది మేమిద్దరం అని చెప్పిన."

అతను తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు. "రెండేండ్ల సంది ఒక బాణీ నా దగ్గరనే ఉన్నది అక్కా. ఎవ్వల మాటలూ కుదురుతలేవు."

"మరి ఊకె నిలవడ్డవేంది? హార్మోని తియ్యి," అంటూ ఆమె చెప్పులు విప్పింది.