తొట్టి లేచింది

"తొట్టిని లేపే పంపు పోయిందంటే వినవేం? ఈ ట్రాక్టరు అమ్మేద్దాం."

"అమ్మేస్తే రోజూ పేడ ఎత్తిపోసేది నా నడుమేగా!" చిన్న ట్రాక్టరు పక్కన గొంతుక్కూర్చున్న భార్య తల తిప్పలేదు. "పంపు పోలేదండీ. దాన్ని ఇంజనుతో కలిపి తిప్పే కప్లింగ్‌ పళ్లు అరిగిపోయాయి. ఊడదీసిన పాతది చూడండి, బోసినోరు. కొత్తది వేసేశాను."

"మరి నేను పంపు రెండుసార్లు విప్పానే!"

"విప్పారు. పసిబిడ్డను తుడిచినట్టు తుడిచి, మళ్లీ బిగించారు."

"వెక్కిరించకు. కొత్త కప్లింగ్‌ వేశావుగా, తొట్టి లేస్తుందా?"

"తొట్టిలో ఎక్కి కూర్చోండి, తెలుస్తుంది."

ఆమె మీట లాగింది. ట్రాక్టరు ముందున్న తొట్టి మొగుడితో సహా మెల్లగా పైకి లేచింది. గుమ్మంలో అత్తగారూ పిల్లలూ పగలబడి నవ్వారు.

"దించవే తల్లీ!"

"ముందు అమ్మకం సంగతి తేల్చండి."

అతను పైనుంచి అందరికేసీ చూసి, నెమ్మదిగా చెప్పాడు. "ట్రాక్టరు అమ్మడం లేదు. రిపేర్లు మాత్రం ఇకనుంచి ఈవిడే చేస్తుంది."