భయం మాత్ర

కోపెన్‌హాగన్‌లో ఒక మందుల ప్రయోగశాల, 1981. భయం పుట్టించే కొత్త మందును తొలిసారి మనిషి మీద పరీక్షించే రోజు. మంచం మీద ఆ మందు తయారుచేసిన ఎగోన్. పక్కన నర్సు తోవె. చనిపోయిన అతని భార్య బోదిల్‌కు చెల్లెలు.

"నిజం చెప్పు బావా. నిద్రమాత్రలు వేసుకుంటున్నావా?"

"ఫారంలో రాశాగా, లేదని."

"ఫారం సంగతి అడగలేదు. నీ కోటు జేబులో ఈ సీసా ఏంటి?"

"పాతది."

"పాతదానికి నిన్నటి తారీఖు ఎందుకుంది?"

"ముందు ఆ గుండె కొలిచే తీగలు తగిలించు తోవె."

"తగిలించను. ఎన్నాళ్ళ నుంచి?"

"మీ అక్క మంచాన పడ్డప్పటి నుంచి. నాలుగేళ్ళు."

"నాలుగేళ్ళా! మతి ఉండే మాట్లాడుతున్నావా? నిద్రమాత్రలకి అలవాటుపడ్డ ఎలుకలు మన మందుకి ఎలా గిలగిల్లాడాయో చూశావుగా!"

"చూడ్డమేంటి, రాసిందే నేను. మెదడులో నిద్రమాత్ర కూర్చునే చోటే మన మందూ కూర్చుంటుంది. అది బ్రేకు గట్టిగా తొక్కుతుంది. ఇదేమో తొక్కిన కాలే లాగేస్తుంది."

"నీ బ్రేకు ఎప్పుడో అరిగిపోయింది. వేరేవాళ్ళకి భయం పుడితే, నీకు మూర్ఛే వస్తుంది."

"రావచ్చు."

"రావచ్చట! ఇంకెవర్నైనా పెడదాం."

"కొత్త మందు చేసినవాడే ముందు మింగాలి. మన దగ్గర ఎప్పుడూ అంతేగా."

"ఆ ఆచారాన్ని నెత్తినెట్టుకుని ఊరేగకు! ఇప్పుడర్థమైంది, అక్కని సాగనంపిన రోజు నీ కంట చుక్క ఎందుకు రాలేదో. అమ్మ నిన్ను రాయంది. నేనూ అదే అనుకున్నా."

"తప్పేం కాదు. నాకేమీ అనిపించలేదు. శవపెట్టె గోతిలోకి దించుతుంటే, బూట్లకి మట్టి అంటిందా అని చూసుకున్నా."

"ఆ పాడు మాత్రలు మానెయ్యొచ్చుగా?"

"మూడుసార్లు మానా. మూడో రోజుకల్లా చేతులు వణికేవి, మళ్ళీ వేసుకునేవాణ్ణి."

"సరే, లే. ఇది మాత్రం నీకివ్వను. మందు డబ్బా నా దగ్గరే... బావా, ఇందులో మాత్రేదీ?"

"వెతక్కు తోవె. మింగేశా."

"ఎప్పుడు మింగావు?"

"నువ్వు కాఫీకి వెళ్ళినప్పుడు."

"అయ్యో దేవుడా! చెయ్యి చాపు. మూర్ఛ రాకుండా సూది వేస్తా."

"అందులో ఏముంది?"

"ఇంకేముంటుంది, నీ నిద్రమాత్రల మందే. కదలకు! ఏంటలా వణుకుతున్నావు?"

"భయమేస్తోంది తోవె. గుండె దడదడలాడుతోంది. ఇంటికెళ్తే... బోదిల్ ఉండదు. ఇంకెప్పటికీ ఉండదు."

"చెయ్యి ఇవ్వు బావా!"

"ఒక్క నిమిషం ఆగవే... ఆ సూది పడితే మళ్ళీ రాయినైపోతా. నన్ను ఏడవనీ."