మామగారు బిగించిన ఇంజను

అల్లుడి వ్యాను ఇంజను వరండాలో గోనెపట్టాల మీద విప్పి పడుంది. అది బడిపిల్లల్ని దింపే బండి. సెలవులు అయ్యేలోగా కదలకపోతే పిల్లల తల్లిదండ్రులు ఇంకో బండి చూసుకుంటారు, అతని ఇంట్లో పొయ్యి వెలగదు. లేత్ మేస్త్రీ సిలిండర్ల బోర్లు కొలిచి, ఏ సైజు పిస్టన్లు తేవాలో చెప్పబోతుంటే మామగారు కుర్చీ ముందుకు లాక్కున్నారు. అల్లుడు కంగారుపడ్డాడు. ఆయన మాటలు కోటలు దాటుతాయి గానీ కాళ్లు గడప దాటవు. అయినా పిల్లనిచ్చిన మామ, మొహం మీద కాదనడం ఎలా?

"కొలతలేంటయ్యా కొలతలు! నా పాత కారుకి గోటితో బోరు తడిమి చూసి పిస్టన్లు తెచ్చా. రింగులైతే కొట్లోనే ఒక్కోటీ చెవి దగ్గర మోగించి, శ్రుతి కలిసినవే ఏరుకున్నా. కొట్టువాడు వాళ్లబ్బాయికి సంగీతం నేర్పమని ఒకటే గోల!"

"నేర్పారా?" అన్నాడు పక్కింటి టైలరు.

"తీరికేదీ! బేరింగులు ఎంచాలిగా? ఒకదాన్ని వేలితో తిప్పి బల్ల మీద పెట్టొచ్చా. వానలు పోయి ఎండలొచ్చాక వెళ్తే ఇంకా తిరుగుతోంది, అదే వేశా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? తాళం కోసం జేబు తడుముకుంటుంటేనే స్టార్టయింది! మలుపులో కొట్టిన హారను, నేను ఇంటికొచ్చి భోంచేస్తుంటే వీధిలోంచి వినపడింది!"

"మరి పెట్రోలు?" అన్నాడు మేస్త్రీ, నవ్వు బిగబట్టి.

"అక్కడికే వస్తున్నా! నడిచేకొద్దీ ట్యాంకు నిండుతోందయ్యా! పొంగిపోతుంటే దారి పొడుగునా ఆగి బిందెలతో తోడిపోశా. మా పొట్ట కొట్టకండి బాబూ అని బంకువాళ్లు కాళ్లమీద పడ్డారు. ఇదీ అలాగే బిగిస్తా, పానా ఇటివ్వు అల్లుడూ!"

అల్లుడు పానా ఇవ్వలేదు. ఆ కంగారులోనే అతనికి మాట దొరికింది.

"అంత ఇంజను నాకొద్దు మామయ్యా. పిల్లలు నిద్ర లేవకముందే బడికి చేరిపోతారు."

"అంత స్పీడు ఉండదులే. తగ్గించి బిగిస్తా."

"ట్యాంకు పొంగితే? లోపల చంటిపిల్లలుంటారు."

"అబ్బే, పొంగడమంటే మరీ పొంగలేదులే. కాస్త ఆదా చేసింది, అంతే."

"తాళం లేకుండా దానంతటది కదిలిపోతే?"

"లేదయ్యా, తాళం పెట్టాకే!"

"పెట్టగానే అయిందా?" టైలరు వదల్లేదు.

మామగారు కళ్లజోడు తీసి చొక్కాతో తుడుచుకున్నారు.

"నలుగురు తోస్తే అయింది."

అల్లుడి ప్రాణం లేచొచ్చింది. పానా తీసుకెళ్లి మేస్త్రీ చేతిలో పెట్టి, పిస్టన్లు ఏ సైజువి తెమ్మంటావని అడిగాడు. మేస్త్రీ చెప్తుంటే మామగారు కూడా బుద్ధిగా విన్నారు. ఆయనకే పాపం మనసు ఊరుకోలేదు.

"అదీ పల్లంలో," అన్నారు మెల్లగా.