ముందు దగ్గిందెవరు

మా బాబాయి గురించా? ఎవరు కదిపారే నిన్ను, మీ అమ్మేనా? సరే, ఇలా కూర్చో. అమ్మమ్మ చెప్పేది పాఠంలా ఉందని మళ్లీ అనకు. ముందు హాల్టు అంటే తెలియాలి నీకు. స్టేషన్ వేరు, హాల్టు వేరు. స్టేషన్లో మాస్టరుంటాడు, సిగ్నళ్లుంటాయి. హాల్టులో ఒక రేకుల గది, టికెట్లిచ్చే మనిషి ఒకడు. ఆ ఒక్కడూ మా బాబాయి. చీపురూ ఆయనదే, నీళ్ల డ్రమ్మూ ఆయనదే. "మీ ఆయన ఏం చేస్తాడంటే ఏం చెప్పను? రైలుకి చెయ్యెత్తుతాడనా?" అని పిన్ని ఎగతాళి చేసేది. ఆయన నవ్వేవాడు కాదు. "ఎత్తకపోతే ఆగదు మరి" అనేవాడు. నలభైమందిమి ఎక్కేవాళ్లం, మిల్లువాళ్లూ, కూరలావిడా, టీచరుగా బడికెళ్లే నేనూ. సగంమందికి టికెట్ ఉండదు. "సిగ్గులేదూ మీకు? రేపు హాల్టు ఎత్తేస్తే నడిచి చావండి!" అని అరిచేవాడు పాపం. వింటేగా! తనిఖీవాడు కనిపిస్తే, ముందు చూసినవాళ్లు రెండుసార్లు దగ్గాలి. అంతే, అందరూ జారుకోవాలి. నా క్లాసులో పిల్లలకి కూడా అంత క్రమశిక్షణ లేదనుకో.

ఒకరోజు పొద్దున ప్లాట్‌ఫారం చివర ఎవరో కొత్త మనిషి, చేతిలో పుస్తకం, పెన్సిలు. చూసింది నేను. నా పాసు గడువు ముందురోజే అయిపోయింది. దగ్గాను, రెండుసార్లు. క్షణంలో అంతా ఖాళీ. పాసులున్నవాళ్లు కూడా ఎందుకొచ్చిన గొడవని పోయారు. అతను తనిఖీవాడు కాదే తల్లీ. ఎంతమంది ఎక్కుతున్నారో చూసి, హాల్టు ఉంచాలో తీసెయ్యాలో రాసుకోడానికి వచ్చినవాడు. బాబాయికి వారం ముందే తెలుసు. ఎవరికీ చెప్పకూడదని పైనుంచి కాగితం వచ్చిందట. పిన్నికి కూడా చెప్పలేదు మహానుభావుడు! రైలొచ్చింది. చెయ్యెత్తాడు. ఆగింది. పొదల చాటున ఉన్నాను నేను, నా వైపే చూశాడు. పిలవకూడదు, రూలు. చెయ్యి మాత్రం దించలేదు. నేను కదల్లేదు. రైలు వెళ్లిపోయింది. ఆ మనిషి పుస్తకంలో సున్నా చుట్టాడు.

రెండు నెలలకి హాల్టు తీసేశారు. జంక్షన్‌కి బదిలీ మీద పొమ్మంటే బాబాయి పోలేదు. రోజూ వేళకి అక్కడికే వెళ్లి చెయ్యెత్తేవాడు. డ్రైవరు కూత వేసుకుంటూ పోయేవాడు. "వెళ్లిపోయిందండీ, రండి" అని పిన్ని వెళ్లి పట్టుకొచ్చేది. మూడేళ్లు, ఊహించుకో. ఓసారి నన్ను అడిగాడు, "ఆ రోజు ముందు దగ్గిందెవరమ్మా?" అని. కూరలావిడ అన్నాను. ఎందుకన్నానో... నోట్లోంచి వచ్చేసింది. మళ్లీ ఆవిడ మొహం చూడలేదు ఆయన. బాబాయి పోయినరోజు గుమ్మం దగ్గరికొచ్చింది ఆవిడ, లోపలికి రాలేదు. "నేనేం చేశానమ్మా, నామీద కోపంతోనే పోయాడు?" అని నన్నే అడిగింది. నన్నే.

సరేలే, ఆ కిటికీ వెయ్యి. చలిగాలి వస్తోంది.