లోపల మనుషులు: ఎవరూ లేరు

వేదిక మీదున్న డైరెక్టరు గారికి, ముందు వరుసలో పెద్దలకి, ఎప్పుడైనా జారుకోవచ్చని తలుపు దగ్గరే కూర్చున్న తెలివైన మిత్రులకి నమస్కారం. (నవ్వులు)

ప్రార్థనా మందిరాలకి వెళ్లి, అక్కడి నిశ్శబ్దాన్ని రికార్డు చేసుకొచ్చి, జనం కళ్లు మూసుకుని వినేలా శబ్దచిత్రాలు కూర్చడం, ఇవాళ రిటైరయ్యేదాకా ముప్పై ఒక్కేళ్లు ఇదీ నా ఉద్యోగం. "ఏమీ లేనిదాన్ని మోసుకొచ్చినందుకు జీతమా నాయనా?" అని మా అత్తగారు చివరిదాకా అడుగుతూనే ఉన్నారు. ప్రతి టేపు మీదా చీటీ అంటించడం మన పద్ధతి కదా: తేదీ, చోటు, లోపల మనుషులు. ఆ మూడో గడిలో నేనెప్పుడూ "ఎవరూ లేరు" అనే రాశాను. ఒకే ఒక్క చీటీలో అది అబద్ధం.

డైరెక్టరు గారు ఇందాక నా "రాతి ఊపిరి" శబ్దచిత్రాన్ని మెచ్చుకున్నారు. ఏడో నిమిషంలో నేల అడుగునించి ఒక నాదం మొదలై, పెరిగి, ఆగి, మళ్లీ వస్తుంది. అది విని ఒకావిడ ఏడ్చారనీ, ఒక ప్రొఫెసరు గారు నలభై పేజీల వ్యాసం రాశారనీ చెప్పారు. నిజమే. అయ్యా, అది గురక.

(గుసగుసలు)

మా ఆవిడ వినగానే పట్టేసింది. "ఎవరిదండీ? మీది కాదులెండి, మీది ఇంతకన్నా ఘోరం" అంది.

అది ఆ మందిరం కాపలాదారు గారిది. మిట్టమధ్యాహ్నం. భార్య ఆస్పత్రిలో ఉంటే మూడు రోజులుగా ఆయనకి కంటి మీద కునుకు లేదు. "మీరున్నారుగా సార్, ఒక్క నిమిషం నడుం వాలుస్తా" అని స్తంభం వెనక్కి వెళ్లారు. లేపుదామనే వెళ్లాను. ఆ మొహం చూశాక చెయ్యి రాలేదు. చీటీలో "ఒకరు" అని రాస్తే డ్యూటీలో నిద్రపోయాడని ఆయన ఉద్యోగం ఊడేది. రాయలేదు. పదకొండేళ్లుగా గురక ఆయనది, బహుమతులు నావి. సిగ్గుగానే ఉంది.

పోయిన నెల ఆయనా రిటైరయ్యారు. ఇక భయం లేదని వాళ్లింటికెళ్లి, చెప్పెయ్యనా అని అడిగాను. వాళ్లావిడ కోలుకుని నిక్షేపంలా ఉన్నారు. "ఆ గురకకి బహుమతులా! నలభై ఏళ్లు విన్నదాన్ని, మరి నాకేమిస్తారు?" అన్నారు. (నవ్వులు)

ఇదిగో, చీటీ దిద్ది తెచ్చాను. "లోపల మనుషులు: ఒకరు." కింద ఆయన పేరు. వేదిక మీదికి పిలిచి ఆయన చేతికే ఇద్దామనుకున్నాను. కానీ నేను మొదలెట్టిన మూడో నిమిషానికే, ముందు వరుస చివరి కుర్చీలో... వాళ్లావిడ "లేపనా?" అని సైగ చేస్తున్నారు. వద్దమ్మా. నేనున్నానుగా.

అందరికీ కృతజ్ఞతలు. దయచేసి చప్పట్లు కొట్టకండి, కుర్చీలు లాగకండి, మెల్లగా బయటికి నడవండి. మైకు ఆయన పక్కన పెట్టేసి నేనూ వస్తాను.

సెలవు.