నాన్నకి ఎనిమిది రూపాలు

ఆసుపత్రిలో అత్యవసర విభాగం బయట బెంచీ. ఒక చివర ప్రొఫెసరుగారి భార్య, పక్కన ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న అమ్మాయి, ఇంకో చివర ఐదేళ్ళ పాప.

"కంగారు పడకు, కూర్చో. మీ సారుకి సూది వేసేశారు. సమయానికి తెచ్చారు, అదృష్టవంతులు అన్నాడు డాక్టరు."

"హమ్మయ్య. ఫోన్లో మీ గొంతు వినగానే పరుగెత్తుకొచ్చానండీ. గడ్డ కరిగించే సూదేనా?"

"అదే. పక్షవాతం వచ్చిన కాసేపట్లోనే వెయ్యాలట. ఆలస్యమైతే అసలు వెయ్యకూడదట, తలలో రక్తం చిమ్మి ప్రాణానికే ముప్పట. ఎప్పుడు పడ్డారని గుచ్చి గుచ్చి అడిగాడు. ఇప్పుడేనండీ, నేను కాఫీ పట్టుకెళ్ళేసరికి నేలమీద ఉన్నారు, అప్పటిదాకా పాపకి పాఠం చెబుతూనే ఉన్నారు అన్నాను."

"మీరు చూశారా, పాఠం చెప్పడం?"

"కాఫీ వేళ దాకా ఆ గదిలోకి నన్ను రానిస్తేగా! గోడ ఇవతలికి వినబడుతూనే ఉంది. అది సరేగానీ, నిన్ను పిలిచింది దీనికోసం. పొద్దుట్నుంచీ ఏదో అడుగుతోంది. కన్నతల్లిని, ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. అంతా మీ సారు పుణ్యం."

"అది మూల ఇండో-యూరోపియన్ భాష అండీ. సారు ఉద్దేశం..."

"పేరు పలకడానికే నోరు తిరగదు. వేల ఏళ్ళ కిందట చచ్చిపోయిన భాష, దాని పిల్లభాషల్ని పోల్చి పోల్చి మీరు ఊహించుకున్న భాష, తీసుకొచ్చి, తెలుగు ముక్క రానివ్వకుండా నా పిల్ల నోట్లో కుక్కారు."

"అందుకే ఏ మాట రాసినా ముందు నక్షత్రం గుర్తు పెడతామండీ. మనిషన్నవాడెవడూ విన్నది కాదని."

"విననిదేం, నేను రోజూ వింటూనే ఉన్నాగా. అడుగమ్మా, దానికేం కావాలో."

"నాకు కాగితం మీదే వచ్చు. మాట్లాడ్డం సారుకీ పాపకీ మాత్రమే... బుజ్జీ, ఇటు చూడు తల్లీ."

"ఏమంటోంది?"

"ఆగండి. మెల్లిగా చెప్పమన్నాను."

"పతేర్, పతేర్ అంటోంది కదా. అది నాకూ తెలుసు, నాన్న. రోజూ పొద్దున్నే వీళ్ళ భాగోతం అదే. ఒక మాట పట్టుకుని నాన్న, నాన్నని, నాన్నతో, నాన్నకి అని ఎనిమిది రకాలుగా తిప్పడం. ఇవాళ నాన్న వంతు."

"ఇవాళ పాఠం అదేనని సారు చెప్పారా?"

"చెప్పడమెందుకు, విన్నానుగా. తిప్పిందే తిప్పుతోంది, నాకే విసుగొచ్చింది."

"పాప గొంతేనా? సారుది?"

"ఆయన మధ్యమధ్యలో దిద్దుతూ ఉంటారు. ఇవాళా... ఏమో, నేను వంటింట్లో ఉన్నాను. ఎందుకలా అడుగుతున్నావు?"

"ఏం లేదండీ. ఆకలేస్తోందేమో, కింద బిస్కెట్లేమైనా..."

"నా మొహం చూసి చెప్పు. ఏమంటోంది?"

"నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో..."

"చెప్పు."

"నేనెక్కడ తప్పు చెప్పాను అని అడుగుతోంది."

"ఏం తప్పు?"

"సారు కింద పడుకున్నారట. అప్పటికి కిటికీలో ఇంకా చీకటేనట. పాఠం అయ్యేదాకా తలుపు తియ్యకూడదుగా, అందుకని పక్కనే కూర్చుని పిలిచిందట. సరిగ్గా అంటేనే సారు పలుకుతారు కదండీ. ఎలా అంటే లేస్తారో తెలీక ఎనిమిదీ అందట. మళ్ళీ మొదట్నుంచీ అందట. మీరు కాఫీ తెచ్చేదాకా అంటూనే ఉందట."

"చీకటా? నేను కాఫీ పట్టుకెళ్ళేసరికి బారెడు పొద్దెక్కింది."

"అమ్మగారూ?"

"లోపలికెళ్ళి డాక్టర్ని పిలువు. ఇప్పుడే పడ్డారని చెప్పింది నేనే."