‘తూలుతూ’ అన్న మాటకు సవరణ

శ్రీ ఇమ్మానుయేలు గారు 1996 ఆగస్టు 12వ తేదీన దొనకొండ పశువైద్యశాలలో కాంపౌండరుగా విధులలో చేరారు. నాటి నుండి దర్శి, బేస్తవారిపేట ప్రాంతాల మెట్ట పల్లెలలో వారు అడుగుపెట్టని గొర్రెల దొడ్డి లేదు. టీకాల పెట్టె భుజాన వేసుకొని, బస్సు చేరని చోటికి కాలినడకన వెళ్లి, మందలకు సూదులు వేసిన వారి సేవను ఏ పురస్కారమూ పలకరించలేదు.

2014లో వారు మా పశువైద్యశాల కార్యాలయానికి బదిలీపై విచ్చేశారు. చర్చిలో సంఘపెద్ద, కల్లు వాసన సైతం గిట్టని మనిషి.

మూడేళ్ల క్రితం వారికి నడుము నొప్పి మొదలై, పాదాలు మొద్దుబారి, నడక తడబడింది. మేం చాటుగా నవ్వుకున్నాం. "విధి నిర్వహణలో తూలుతూ కనిపించినందున, మద్యం సేవించినట్లు భావించవలసి వచ్చుచున్నది" అని పై అధికారి ఆదేశంపై మెమో రాసింది సీనియర్ సహాయకుడు ఆదిశేషు, అనగా నేనే. భాష బాగా కుదిరిందని మెచ్చుకున్నారు కూడా.

ఆరు నెలల తర్వాత, జబ్బు గొర్రెను తోలుకొచ్చిన రాఘవమ్మ వరండాలో మమ్మల్ని నిలదీసింది. "ఏంది సారూ ఇది? గొర్రె వెనక కాళ్లు ఈడిస్తే వెన్ను తడిమి చూస్తారు. ఇమ్మానుయేలన్న కాళ్లు ఈడిస్తే నోరు వాసన చూస్తారా?"

పశువైద్యశాల సిబ్బందిమైన మాకెవరికీ తట్టని మాట అది. సిగ్గుపడి కాదు, ఆమె నోటికి జడిసి వారిని గుంటూరు పంపించాం.

స్కానింగులో వెన్నుపాము లోపలే పెరిగిన కణితి కనిపించింది. పెద్దవారిలో బహు అరుదుగా వచ్చేదట, మెల్లగా పెరుగుతుందట. "ఆరు నెలల ముందు తెచ్చి ఉంటే నడిచేవారేమో" అన్నారు ఆపరేషన్ చేసిన డాక్టరు. ఆ ఆరు నెలలూ వారు నా మెమోకు సంజాయిషీలు రాసుకుంటూ గడిపారు.

నేడు చక్రాల కుర్చీలో పదవీ విరమణ చేస్తున్నారు. ఈ వీడ్కోలు సంచికలో ఏం రాయమంటారని ఇంటికి వెళ్లి అడిగితే, వారి శ్రీమతి కరుణమ్మ గారు మొహం తిప్పుకున్నారు. ఆయన మాత్రం, "కాళ్లు పోయినాయని రాయొద్దు ఆదిశేషన్నా. తాగలేదని రాయి. రేపు మనవరాలు చదువుతాది" అన్నారు.

రాస్తున్నాను. ఆయన తాగలేదు. మెమో రద్దు చేయమని నేను కోరితే, "ఎట్లాగూ రిటైరవుతున్నారు, ఇప్పుడెందుకు" అన్నారు పైవారు. అది ఇంకా ఫైలులోనే ఉంది.

శ్రీ ఇమ్మానుయేలు గారు నొప్పి ఎరుగని దీర్ఘాయుష్షుతో, భార్యాబిడ్డల నడుమ, తలెత్తుకొని జీవించాలని కోరుకుంటున్నాను. ‘సంపూర్ణ ఆరోగ్యంతో’ అని కూడా రాయడం ఆనవాయితీ. ఆ మాట రాసే అర్హత నా చేతికి లేదు.